నెలవు గుర్తుపట్టని ఊపిరి

మార్చి 30

ఈ పొద్దు వీధి బోర్డులో పెట్టిన చిట్కా: నెలవు తెర బిగుసుకుపోతే దాన్ని చరచకండి. కింద ఎడమ పక్కనున్న మీటను కాసేపు నొక్కి పట్టుకోండి. ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. వెలిగాక మొదట చూడాల్సింది తేదీ. మార్చి 30 కాకుండా ఇంకేదైనా కనబడితే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ముందు తేదీ తిప్పండి.

ఇంత వివరంగా రాసినా చరిచేవాళ్ళు చరుస్తూనే ఉంటారు. పదకొండో ఇంటి తెరకు బీట పడింది. ఏమయిందని అడిగితే గాలికి పడిందన్నారు. భూమికి ఇంత లోతున, పాత నాపరాళ్ళ గనిలో, గాలికి పడిందట. నేను నవ్వాలో ఏడవాలో తెలియక బంక పెట్టి అతికించి వచ్చాను.

నా పేరు సుంకులమ్మ. బేతంచెర్ల గనుల్లో ఆరో వీధి మాది. ఇంటికి గాలి, నీళ్ళు, తలుపు, పొయ్యి అన్నీ నెలవే చూసుకుంటుంది. దానికి జబ్బు చేస్తే నన్ను పిలుస్తారు. నెలవును తయారు చేసిన కంపెనీ బతికున్నప్పుడు వాళ్ళ సహాయ కేంద్రంలో ఫోన్లెత్తే ఉద్యోగం చేశాను. కంపెనీ పోయింది, ఫోన్లు పోయాయి, అడిగేవాళ్ళు మాత్రం మిగిలారు. బోర్డులో పెట్టేవి అందరి కోసం. ఇక్కడ, నా పాత ట్యాబులో రాసేది నా కోసం. ఏది పాడైంది, ఏం చేస్తే బాగయింది అని రాసుకోకపోతే ఈ వయసులో గుర్తుండి చావదు. తేదీ చూసి గుర్తు తెచ్చుకుందామంటే అది ఎప్పుడూ ఒకటే.

మేం నెలవును వాడుకునే గడువు మార్చి 31 మధ్యాహ్నంతో తీరిపోతుంది. పొడిగించడానికి కంపెనీ లేదు. అందుకని రోజూ పొద్దున్నే వీధి చివర హుసేన్ పీరా అన్న బెల్లు కొడతాడు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు లేచి తెర దగ్గరికి పోయి 31ని 30 చేస్తారు. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం. పక్కన ఏడో వీధి వాళ్ళు తెలివికి పోయి, అన్ని ఇళ్ళ తేదీలూ ఒకేసారి తిప్పే యంత్రం పెట్టుకున్నారు. ఒకనాడు ఆ యంత్రం ఆగింది. మధ్యాహ్నానికి అక్కడి తెరలన్నీ తెల్లబడి 'గడువు తీరింది' అని చూపించాయి. ఆ తర్వాత ఏ మీటా పనిచేయలేదు, గాలి మరలు నిలిచిపోయాయి. మేము తలుపులు పగలగొట్టేసరికి సగం మందే ప్రాణాలతో ఉన్నారు. అప్పటి నుంచి మా వీధిలో తేదీ చేత్తోనే తిప్పాలి, ఎవరిల్లు వాళ్ళే తిప్పుకోవాలి.

మార్చి 30, మళ్ళీ

చిట్కా: నెలవు మిమ్మల్ని గుర్తుపట్టకపోతే కంగారు పడకండి. ఖాతాలోకి వెళ్ళి 'ముఖం మళ్ళీ తీసుకో' అన్నది నొక్కండి.

ఈ చిట్కా పీరా అన్న పుణ్యం. పళ్ళన్నీ తీయించుకుని బోసినోటితో ఇంటికి పోతే నెలవు తలుపు తీయలేదట. ఎలాగో కోడలు షంషాద్ తీసి లోపలికి తీసుకెళ్తే, ఆ గదికి గాలి కట్టేసింది. నెలవు పద్ధతే అంత. గదిలో తనకు తెలిసిన ఊపిరే ఉండాలి. తెలియని ఊపిరి ఒక్కటి తగిలినా బయటి గాలి చొరబడిందనుకుని ఆ గదిని మూసేస్తుంది, లోపల తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నా సరే.

నేను పోయి గడప బయటి నుంచే చెబుతూ ఆయన్ను తెర ముందు నిలబెట్టాను. ముఖం చూపించాలి, తెర మీదికి నిదానంగా ఊపిరి వదలాలి, తర్వాత ఇంటి మనిషి ఒకరు 'అవును, ఈయనే' అని సాక్ష్యం చెప్పాలి. షంషాద్ నవ్వాపుకోలేక రెండుసార్లు చెడగొట్టి మూడోసారి చెప్పింది. పాత ముఖం చెరిగిపోతుందని, మళ్ళీ రాదని తెర మీద హెచ్చరిక వచ్చింది. పళ్ళున్న ముఖం పోతే పోనీ అన్నాడు పీరా అన్న. ఆయనకు టీ తాగే తొందర ఎక్కువ.

మార్చి 30. పైన ఎండలు తగ్గాయని మద్దిలేటి అంటున్నాడు

మద్దిలేటి మా నీలవేణి మొగుడు. మాస్కు కట్టుకుని రోజూ పైకెక్కి సోలార్ ప్లేట్ల మీద దుమ్ము తుడిచి వస్తాడు. పై తలుపు అతని ముఖానికే తెరుచుకుంటుంది. వీధికి కరెంటు అలా వస్తోంది. నీలవేణి నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది, పెళ్ళయ్యాక మొగుణ్ణి కూడా నా దగ్గరికే తెచ్చింది. మేము ముగ్గురం, మూడు ఖాతాలు. నీలవేణికి ఇప్పుడు నెలలు నిండాయి. తేదీ ఆగాక మా వీధిలో ఇదే మొదటి కాన్పు.

ఈ పొద్దు నీలవేణి నడుము నొప్పిగా ఉందని నెలవును అడిగింది, నొప్పులు మొదలయినట్టా కాదా అని. నెలవు ఎప్పటిలాగే మర్యాదగా జవాబు చెప్పింది. మీకిప్పుడు రెండో నెల, ప్రసవానికి ఇంకా ఏడు నెలలుంది, వికారంగా ఉంటే అల్లం నమలండి అంది.

నీలవేణి నవ్వింది. నేనూ నవ్వాను. వంటింట్లోకి పోయి గిన్నె చేతిలోకి తీసుకున్నాక ఆ లెక్క తట్టి, గిన్నె కింద పెట్టేశాను.

దీని సంగతి నాకు బాగా తెలుసు. ఇంట్లోకి కొత్త మనిషిని చేర్చాలంటే నెలవు కంపెనీని అడుగుతుంది. కంపెనీ లేదు కాబట్టి కొత్త మనిషి అనే మాటే లేదు. ఒక్క పుట్టే బిడ్డకే మినహాయింపు. తల్లి ఖాతాలో నెలలు లెక్కగట్టుకుని, తొమ్మిది నిండాక బిడ్డ ఊపిరిని తనంతట తనే చేర్చుకుంటుంది. ఆ లెక్క తేదీని బట్టి. మా తేదీ నీలవేణి రెండో నెలలో ఆగింది. రోజూ నా చేత్తో నేనే ఆపుతున్నాను.

గాలి గురించి ఆలోచించాం, నీళ్ళ గురించి ఆలోచించాం. ఆగిపోయిన తేదీలో ఒకరు పుడతారన్న ఆలోచన వీధిలో ఒక్కరికీ రాలేదు. నాకు కూడా.

మార్చి 30

చేసి చూసినవి:

ఆపి మళ్ళీ వెలిగించాను. ఇంకా రెండో నెలే.

నీలవేణి గర్భాన్ని ఖాతాలోంచి తీసేసి మళ్ళీ రాయించాను. ఈసారి మొదటి నెల అంది. ఉన్న లెక్క కూడా ఒక నెల వెనక్కి పోయి అక్కడే ఉండిపోయింది. ఎవరితో చెప్పుకోను.

వెనకటి స్థితికి తీసుకుపోదామా అని చూశాను. దాచిపెట్టిన వెనకటి స్థితి ఒక్కటే ఉంది, నీలవేణి నా ఇంటికి రాకముందుది. దాన్ని నొక్కితే తల్లే పరాయిదైపోతుంది.

పిల్లిగా రాద్దామన్నాడు మద్దిలేటి. వాడు నవ్వులాటకు అనలేదు. పెంపుడు జంతువుల పేజీ తెరిచి చూశాం. పిల్లికీ కంపెనీ అనుమతి కావాలట.

తేదీని ముందుకు జరిపి, బిడ్డను చేర్చుకోగానే వెనక్కి తెచ్చేద్దామని కూడా అన్నాడు. నేను కసిరాను. 31 మధ్యాహ్నం దాటితే ముందు వచ్చేది తెల్ల తెర, ఆ తర్వాత వెనక్కి రావడానికి మీట ఉండదు. ఏడో వీధిలో తలుపులు పగలగొట్టినవాళ్ళలో వాడూ ఉన్నాడు. గుర్తొచ్చినట్టుంది, తల వంచుకుని పైకి వెళ్ళిపోయాడు.

మార్చి 30. ఆడపిల్ల

కాన్పు సేఫ్ మోడ్‌లో చేయించాం.

సేఫ్ మోడ్‌లో నెలవు ఎవరు ఏమిటని అడగదు. గదికి గాలి ఇస్తుంది, ఒక దీపం ఇస్తుంది, అంతే. నీళ్ళు రావు, పొయ్యి వెలగదు. గంట కాగానే తనంతట తనే మామూలు స్థితికి వచ్చేస్తుంది, వెంటనే మళ్ళీ సేఫ్ మోడ్‌లోకి పంపబోతే ఒప్పుకోదు. అందుకని నీళ్ళు ముందే కాచి పెట్టుకున్నాం. షంషాద్ సాయానికి వచ్చింది. తనకూ అయిదో నెల, ఆ పొట్టతోనే మోకాళ్ళ మీద కూర్చుని నీలవేణి చేతులు పట్టుకుంది. నెలవుకు ఆ పొట్ట సంగతి అసలే తెలియదు. షంషాద్ కడుపుతో అయింది తేదీ ఆగిన తర్వాత.

మధ్యాహ్నం నొప్పులు గట్టిపడే వరకు ఆగి మీట నొక్కాను. ఇంత బిడ్డ, నల్లటి జుట్టు, పుడుతూనే కేకలు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, తర్వాత వేరే ఏడుపయింది.

నీలవేణి వర్షిణి అని పేరు పెడతానంది. వాన చూసిన మొహమేనా మనది అని వెక్కిరించాను. చూడలేదు కాబట్టే పెడుతున్నానంది.

గంట కాకముందే షంషాద్‌ను పంపేశాం. గంట కాగానే దీపాలన్నీ వెలిగాయి. నెలవు అందరికీ శుభ మధ్యాహ్నం చెప్పి, పడక గదిలో బయటి గాలి చొరబడిందని, గదిని మూసేస్తున్నానని, నీలవేణి గారు వెంటనే బయటికి రావాలని చెప్పింది. పచ్చి బాలింత బిడ్డను పొట్టకు అదుముకుని గోడ పట్టుకుని నడిచి వచ్చింది. ముందు గదిలో బిడ్డను అతిథిగా రాయించాను. ఇంటికి ఒక్క అతిథి, అదీ ముందు గదిలోనే, మూడు రోజులు. ఆ తర్వాత అదే ముఖం మళ్ళీ రావాలంటే నెల తిరగాలి. మాకు నెల ఎక్కడ తిరుగుతుంది.

మార్చి 30

బిడ్డ వీధి తిరుగుతోంది.

పీరా అన్నే అందరినీ పిలిచి మాట్లాడాడు. ఆరో వీధిలో ఇరవై చిల్లర ఇళ్ళున్నాయి. ప్రతి ఇంటి ముందు గదిలో మూడేసి రోజులు బిడ్డ అతిథిగా ఉంటుంది. ఈలోపు సుంకులమ్మ ఏదో ఒక దారి చూడకపోదు అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను తెర బిగుసుకుంటే మీట నొక్కేదాన్ని. అలా చూస్తే నేనేం చేసేది.

ఇంటికి ఒక్క అతిథే కాబట్టి తల్లి బిడ్డతో ఉండడానికి లేదు. పాలివ్వాలంటే నీలవేణి ఆ ఇంటి గడప దాకా పోతుంది. లోపలివాళ్ళు బిడ్డను అందిస్తారు. ఈమె వీధిలో, గడప బయట కూర్చుని పాలిస్తుంది. వీధిలో గాలి పల్చన. పెద్దవాళ్ళం మాస్కు లేకుండా అర గంట ఉంటే కళ్ళు తిరుగుతాయి. అంత చిన్న ప్రాణం రెండు గుక్కలు తాగి ఆయాసపడి ఏడుస్తుంది. ఏడిస్తే ఇంకా ఆయాసం. కడుపు నిండకుండానే లోపలికి ఇచ్చేయాలి.

చిట్కా ఒకటి బోర్డులో పెట్టాను: అతిథి ఉన్న ఇంట్లో నెలవు నీళ్ళు తగ్గించి ఇస్తే, బట్టలుతికే నీళ్ళను తాగే నీళ్ళ కిందికి మార్చుకోవచ్చు. వీధిలో చాలామంది ఆ చిట్కా వాడుకుని, మురికి బట్టలతోనే బిడ్డను ఎత్తుకున్నారు. ఈ వీధి వాళ్ళను నేను ఎన్ని తిట్లు తిట్టానో, వెనక్కి తీసుకుంటున్నాను. తెరలు చరిచినవి మాత్రం తీసుకోను.

మార్చి 30

తొమ్మిదో ఇంటివాళ్ళు తలుపు తీయలేదు.

గడప దగ్గర నిలబడి నా నోటికొచ్చినట్టు తిట్టాను. లోపలి నుంచి ఆ ఇంటి ఇల్లాలు ఏడుస్తూ చెప్పింది, తమ ఇంటి గాలి మర ముందే అరిగిపోయిందని, అతిథి గదికి గాలి మళ్ళిస్తే మంచంలో ఉన్న అత్తగారికి అందడం లేదని. అబద్ధం కాదు. ఆ మర అరిగిపోయిందని పోయిన వేసవిలో చూసి చెప్పింది నేనే.

అక్కడి నుంచి పదో ఇంటికి పోయేలోపు, అంత చిన్న దూరంలో, బిడ్డ పెదాలు నీలంగా మారాయి. ఇంటి నుంచి ఇంటికి మార్చినప్పుడల్లా అంతకు ముందుసారి కంటే ఎక్కువ సేపు పడుతోంది రంగు తిరిగి రావడానికి. పదో ఇల్లు పీరా అన్న వాళ్ళది. ముందు గదిలో షంషాద్ బిడ్డ వీపు నిమురుతూ, ఇంకా ఎన్ని మార్పులు తట్టుకుంటుందత్తా అని అడిగింది. తన పొట్ట మీద చెయ్యి వేసుకుని అడిగింది.

నాకు భయంగా ఉంది. దాచడానికేముంది. తెర ముందు కూర్చుని ఉన్న పేజీలన్నీ తెరిచాను, తెరిచినవే మళ్ళీ తెరిచాను. ఫోన్లెత్తే రోజుల్లో ఎవరు ఏమడిగినా మాకు చెప్పి పెట్టిన మాట ఒకటుండేది, మీ సమస్యకు పరిష్కారం తప్పక ఉంది అని. వెయ్యి మందికి చెప్పి ఉంటాను. ఏ నోటితో చెప్పానో.

మార్చి 30

దారి దొరికింది. పీరా అన్న బోసినోరు గుర్తొచ్చి దొరికింది.

కొత్త ఖాతా రాదు. ఉన్న ఖాతాకు కొత్త ముఖం వస్తుంది. ముఖం ఎంత మారిందని నెలవు అడగదు. సాక్ష్యం చెప్పే మనిషిని అడుగుతుంది, అంతే.

ఇంట్లో మూడు ఖాతాలు. మద్దిలేటి తనది ఇస్తానన్నాడు. వాడి ముఖం చెరిగితే పై తలుపు తెరుచుకోదు, ప్లేట్ల మీద దుమ్ము పేరుకుంటుంది, వీధి మొత్తం పోతుంది. అత్తా, ఇంకెవరైనా నేర్చుకుంటారులే అన్నాడు. తలుపు నేర్చుకోదురా అన్నాను. నీలవేణిది ఇవ్వడానికి లేదు, పాలిచ్చేది తను. మిగిలింది నాది. ఇందులో పెద్ద ఆలోచన ఏమీ లేదు, లెక్క అలా వచ్చింది. నాకేమీ ఉత్సాహంగా లేదు. నా గది, నా పడక, నేను పెట్టుకున్న పచ్చడి జాడీలు, అన్నీ నాకు ఇష్టమే.

బిడ్డను పదో ఇంటి నుంచి తెచ్చి మా తెర ముందు ఎత్తి పట్టుకున్నాను. బిడ్డకు ఇక్కడి మూడు రోజులు ఎప్పుడో అయిపోయాయి, అతిథిగా కూడా రానివ్వదు కాబట్టి గదికి గాలి కట్టేసేలోపు పని కావాలి. ముఖం తీసుకుంది. బిడ్డ ఏడుస్తోంది కాబట్టి ఊపిరికి కొదవ లేదు. ఈమె సుంకులమ్మ గారేనా, ఇంటి మనిషి ఒకరు చెప్పండి అని అడిగింది నెలవు.

నీలవేణి తెర వైపు నుంచి మొహం తిప్పుకుంది.

"చెప్పవే," అన్నాను.

"నేను చెప్పను పెద్దమ్మా. చెప్తే నువ్వు యాడికి పోతావు?"

"యాడికో పోతాలే. బిడ్డ పెదాలు చూడు."

చూసింది. నెలవు రెండోసారి అడిగింది. గాలి కట్టేసిన చప్పుడు వినబడింది. మద్దిలేటి తనే చెబుదామని ముందుకొచ్చాడు.

"అవును," అంది నీలవేణి. "ఈమె మా పెద్దమ్మే."

నెలవు ధన్యవాదాలు చెప్పింది. సుంకులమ్మ గారూ, మీరు బరువు బాగా తగ్గారు, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి అంది. తర్వాత, గదిలో బయటి గాలి చొరబడిందని చెప్పింది. ఆ బయటి గాలి నేను.

బిడ్డను నీలవేణి చేతుల్లో పెట్టి ముందు గదిలోకి నడిచాను. అతిథిగా రాయించుకున్నాను. పేరు అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. నా పేరు చెబితే ఆ పేరుతో ఇంట్లో ఒకరున్నారంది. చెల్లెలి పేరు చెప్పాను.

మార్చి 30

మా ఇంట్లో నా మూడు రోజులు అయిపోయాయి. ఇప్పుడు నేను వీధి తిరుగుతున్నాను. బిడ్డకు ముందు గది ఇచ్చినవాళ్ళే నాకూ ఇస్తున్నారు. తొమ్మిదో ఇంటివైపు నేను పోను. ఇళ్ళు అయిపోయాక ఏమిటని ఎవరూ అడగడం లేదు, నేనూ చెప్పడం లేదు. ఈ ట్యాబులో నెలవు లేదు, అందుకే ఇంకా నా ముఖానికి తెరుచుకుంటోంది.

ఖాతా పేరు మార్చడం గురించి తెలుసుకున్నది: తెర మీద పేరు మార్చుకోవచ్చు, అడుగున ఉన్న పేరు మారదు. మా తెర మీద ఇప్పుడు వర్షిణి అని అందంగా కనబడుతుంది. పిలిచేటప్పుడు మాత్రం సుంకులమ్మ గారూ అంటుంది. పెందలాడే పడుకోమని, ఉప్పు తగ్గించమని బిడ్డకు చెబుతుంది. పొద్దున బీపీ మాత్ర గిన్నెలో వేసి, వేసుకున్నారా అని అడుగుతుంది. జవాబు రాకపోతే అడుగుతూనే ఉంటుంది, ఆ తర్వాత రోగి స్పృహలో లేదని గది తాళం వేస్తుంది. అందుకని నీలవేణి జవాబు చెబుతోంది. మాత్రను కొంగున కట్టుకుని తెచ్చి నాకిస్తోంది.

ఈ పద్ధతి బోర్డులో పెట్టలేదు. పెడితే రేపటి నుంచి ప్రతి ఇంట్లో ముసలివాళ్ళ మీద పడే చూపు మారుతుంది. మంచంలో ఉన్న ఆ తొమ్మిదో ఇంటి అత్తగారి మీద పడే చూపు అందరికంటే ముందు మారుతుంది. నీలవేణికీ మద్దిలేటికీ ఒట్టు వేయించాను. కానీ పళ్ళు తీయించుకున్నది పీరా అన్న. ఆయనకు ఒకరు చెప్పాలా.

ఈ సాయంత్రం నేనున్న ఇంటి గడప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు వీధి దీపాల గురించి మాట్లాడాడు.

"షంషాద్‌కు ఏడో నెల పడింది చెల్లెమ్మా," అన్నాడు చివరికి. "టయానికి వచ్చి నాకు ఆ పని చేసిపెట్టు. చేతులు వణుకుతాయి నాకు, మీటలు సరిగా పడవు."

"పొద్దున బెల్లు ఎవరు కొడతారన్నా?"

"మద్దిలేటికి నేర్పిస్తాండా. బాగానే కొడతాడు, కొంచెం తొందరెక్కువ."

వద్దనాలంటే ఇంకో దారి చూపించాలి. అప్పటికి నాకు ఇళ్ళు మిగిలి ఉంటే వస్తానన్నాను. మిగలకపోతే ఎలాగో ఆయనకు తీరిగ్గా చెప్పాను, ఏది ముందు నొక్కాలి, ఏది తర్వాత నొక్కాలి అని. సాక్ష్యం ఎవరు చెబుతారంటే షంషాద్ చెబుతుందన్నాడు. పోయినసారి నవ్వి రెండుసార్లు చెడగొట్టింది, ఈసారి చెడగొట్టదులే అన్నాడు.

వీధి గాలికి ఆయనకు దగ్గొచ్చి లేచి వెళ్ళాడు. వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరెవరున్నారో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, బలవంతాన ఆపేశాను.

మార్చి 30

ఈ పొద్దు బెల్లు మద్దిలేటి కొట్టాడు. నిజమే, తొందరెక్కువ. నేనున్న ఇంటివాళ్ళు ఇంకా లేవలేదు. వాళ్ళ తేదీ తిప్పుదామని అలవాటు కొద్దీ తెర దగ్గరికి పోయి, అతిథి చేతికి అది కదలదని గుర్తొచ్చి, వాళ్ళను కేకేసి లేపాను.

నా మూడు రోజులు అయ్యాయి కాబట్టి మూట సర్దుకుని తర్వాతి ఇంటికి బయలుదేరాను. మా ఇంటి మీదుగానే దారి. నీలవేణి మాత్ర కోసం తలుపు కొద్దిగా తెరిచి పెట్టింది. తను స్నానాల గదిలో ఉన్నట్టుంది, నీళ్ళ చప్పుడు. తలుపు సందులోంచి ఉయ్యాల కనిపించింది. బిడ్డ పెదాలు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళు తన్నుకుంటోంది, బుగ్గలు కాస్త పూడుకున్నాయి. ఎంతసేపు చూసినా లోపలికి అడుగు పెట్టలేదు.

గిన్నెలో మాత్ర పడిన చప్పుడయింది.

"సుంకులమ్మ గారూ, మాత్ర వేసుకున్నారా?" అంది నెలవు.

"వేసుకుంటున్నా," అన్నాను గడప బయటి నుంచి. ఇన్నేళ్ళ అలవాటు.

నెలవు నా మాట విననట్టే ఊరుకుంది. కొంచెం ఆగి అదే మాట మళ్ళీ అడిగింది. ఉయ్యాలలోంచి బిడ్డ, ఆ గొంతు ఎటు నుంచి వస్తోందో అని తల తిప్పి చూసింది. ఆ పేరుకు అప్పుడే తల తిప్పడం నేర్చుకుంది.

నీలవేణి తడి చేతులతో పరుగెత్తుకుంటూ వచ్చి, వేసుకుంది అని చెప్పింది. మాత్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. నీళ్ళు తెస్తానంటే వద్దని ఉత్తదే మింగి, మూట చంకన పెట్టుకుని పద్నాలుగో ఇంటికి నడిచాను.